ఇంజన్ పక్క పెట్టెలో కూర్చో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఊటీ కొండ రైలు ఎక్కాలని ఉందనీ, ఎప్పుడు వెళ్లాలో, ఏ వైపు కూర్చోవాలో చెప్పమనీ రాశావు. మన ఇంట్లో రైలు పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. నీకూ అంటుకుందన్నమాట. మీ అమ్మ నన్ను తిట్టుకుంటూ ఉంటుంది, తిట్టుకోనీ.

ముందు నెల సంగతి తేల్చుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ కొండల మీద ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. చరియలు విరిగి లైను మీద పడటం, బండి రద్దు కావడం అక్కడ మామూలే. ఒక నవంబరులో నేను కొండ కింద ఆ రైలు బయలుదేరే మేట్టుపాళయం దాకా వెళ్లి, ప్లాట్‌ఫాం మీద నిలబడి, లైను మూసేశారన్న మాట విని బస్సెక్కాను. ఊటీ చూశాను కానీ ఏం చూశానో ఇప్పటికీ గుర్తు లేదు. వేసవి సెలవుల్లో వెళ్తే జనం. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరి మంచివి. పొద్దున్న చలి, ఆ తర్వాత తేటగా ఎండ.

టికెట్టు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చో. మేట్టుపాళయం నుంచి ఊటీకి రోజూ నడిచే బండి ఒక్కటే, అదీ ఉదయం ఏడు దాటగానే బయలుదేరుతుంది. చెన్నై నుంచి రాత్రి బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి అక్కడ దింపుతుంది. కానీ నా మాట విని ముందు రోజే చేరుకుని, ఆ రాత్రి మేట్టుపాళయంలో పడుకో. నిద్ర చాలని కళ్లతో ఆ బండి ఎక్కడం దండగ.

ఇక సీటు. లోయ ఏ వైపు ఉంటుందని అందరూ అడుగుతారు, నువ్వూ అడిగావు. 46 కిలోమీటర్ల దారిలో 208 మలుపులున్నాయి తల్లీ, లోయ కోసం మెడ నొప్పి తెచ్చుకోకు. కొండ వైపు కిటికీ దక్కినా బాధపడకు. చేయి చాపితే తగిలేంత దగ్గరగా రాయి, దాని మీద నీళ్లు కారే నాచు, గడ్డి కనిపిస్తాయి (చేయి మాత్రం చాపకు). నేను చూసుకునేది వైపు కాదు, పెట్టె. మొదటి తరగతి పెట్టె అందరికంటే ముందు, పై చివర ఉంటుంది. ఫొటోలు తీసుకునేవాళ్లు అక్కడ కూర్చుంటారు. నువ్వు రెండో తరగతిలో, వీలైతే అన్నిటికంటే వెనక పెట్టెలో కూర్చో. ఎందుకంటే ఆ బండికి ఇంజన్ వెనక ఉంటుంది.

ఇది సరదా కోసం చేసిన ఏర్పాటు కాదు. నేను గూడ్సు గార్డుగా బతికినవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు కానీ నేను గార్డుగానే రిటైరయ్యాను. మన అరకు బండి నడిచే కిరందూలు లైనులో ముడి ఇనుము నింపుకున్న బండి శిమిలిగుడ దాటి అనంతగిరి కొండల మీంచి విశాఖ వైపు దిగుతుంటే, బండి చివర గార్డు పెట్టెలో, అంటే బ్రేక్ వ్యానులో కూర్చుని నేను చేసే పని ఒక్కటే, బ్రేకు సరిగా పట్టుతోందా లేదా అని చెవులు రిక్కించడం. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఆ బరువును కిందికి దించడంతో పోలిస్తే పైకి లాగడం సుఖమే. కొండ రైలంటే నాకు అందుకే మొదట కనిపించేది బ్రేకు. ఊటీ బండిలో ఇంజన్ ఎప్పుడూ కింది చివర ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, దిగేటప్పుడు ముందు ఉండి ఆపుకుంటూ వస్తుంది. పెట్టెల మధ్య లంకె తెగినా పెట్టెలు వెనక్కి జారిపోవు, ఇంజన్ అడ్డుగా నిలబడుతుంది.

మరి వెనక ఉన్న డ్రైవరుకు ముందు దారి ఎలా కనిపిస్తుంది? కనిపించదు. ప్రతి పెట్టె ముందు చిన్న అరుగు మీద ఒక మనిషి నిలబడి ఉంటాడు, బ్రేకు తిప్పేవాడు. అన్నిటికంటే ముందు నిలబడ్డవాడు దారి చూసి జెండా ఎత్తుతాడు. ఆ జెండాను వెనకవాడు, అతని జెండాను ఆ వెనకవాడు, అలా ఇంజన్ దాకా వెళ్తుంది కబురు. లోయ ఎక్కడికీ పోదు. కాసేపు ఆ చేతుల్ని చూడు.

కల్లార్ స్టేషను దాటే దాకా మామూలు రైలే, పోక తోటల మధ్య నుంచి వెళ్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా వేగం తగ్గి, కింద నుంచి కరకరమని శబ్దం వస్తుంది. పట్టాల మధ్య పళ్ల పట్టా మొదలైందని అర్థం. రెండు రంపాలను పక్కపక్కన నిలబెట్టి, ఒకదాని పన్నుకు ఎదురుగా రెండోదాని సందు వచ్చేలా అమర్చినట్టు ఉంటుంది. ఇంజన్ కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతి అది. దాదాపు 12 మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేస్తుంది. మామూలు లైన్లలో 100 మీటర్లకు ఒక మీటరు లేచినా మేము ఎత్తు అంటాం. కల్లార్ 400 మీటర్ల ఎత్తు దగ్గర ఉంటే, పళ్ల పట్టా ముగిసే కూనూరు 1,700 పైచిలుకు. మన అరకు బండికి యాభైకి పైగా సొరంగాలున్నా పళ్ల పట్టా అవసరం రాలేదు.

వెనక పెట్టెలో కూర్చోమన్నది ఈ చోటు కోసమే. ఆ ఇంజన్‌కు రెండు జతల సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి. కింది జత చక్రాల్ని తిప్పి వదిలేసిన ఆవిరే పై జతలోకి వెళ్లి పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మీ అమ్మమ్మ బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా కుడితి తొట్టిలో పోసేది, అదే పొదుపు. పళ్ల పట్టా మీదికి రాగానే ఇంజన్ ఊపిరి రెండు రకాలుగా వినిపిస్తుంది. కళ్లు మూసుకుని విను. పక్కవాళ్లు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెడతారు. 16 సొరంగాలున్నాయి. మొదటి రెండింటికి విసుక్కుంటావు, మూడోదానికి నువ్వూ కేక పెడతావు. నేనూ పెట్టాను.

దారిలో హిల్‌గ్రోవ్ స్టేషనులో ఇంజన్‌కు నీళ్లు పట్టడానికి బండి ఆగుతుంది. పెట్టెల్లో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి ఆ పని ముందు చూసుకో. తర్వాత నేరుగా ఇంజన్ దగ్గరికి వెళ్లు. వేడి నూనె వాసన, తడి ఇనుము మీద ఆవిరి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కిందికి దిగే డ్రైవరు. నమస్కారం పెట్టి ఒక్క ప్రశ్న అడుగు, పనిలో ఉంటే అడగకు. తినేది ఏదైనా సంచిలోనే ఉంచు. అక్కడి కోతులు టికెట్టు లేకుండా ఎన్నేళ్లుగా ఉంటున్నాయో కానీ అధికారం మాత్రం వాటిదే.

కూనూరుకు 1899లో చేరిన లైను ఊటీకి చేరడానికి 1908 దాకా పట్టింది. కూనూరులో పళ్ల పట్టా అయిపోతుంది, ఆవిరి ఇంజన్ తీసి డీజిల్ తగిలిస్తారు. అక్కడి నుంచి కేతి లోయ, మెట్లు మెట్లుగా కూరగాయల పొలాలు, చాలా బాగుంటాయి. అయినా నా మనసు కూనూరు షెడ్డు దగ్గరే దిగిపోతుంది. కింది నుంచి టికెట్టు దొరకకపోతే కూనూరు నుంచి ఊటీకి ఎక్కుతామంటారు కొందరు. పిల్లలతో వెళ్తే సరే. నీలాంటిదానికి అది పులిహోరలో పోపు లేనట్టు.

దిగేటప్పుడు బస్సు పట్టకు. ఆ ప్రయాణానికీ టికెట్టు తీసుకో. ఎక్కేటప్పుడు ఇంజన్ పని వింటావు, దిగేటప్పుడు అరుగు మీది మనుషుల పని చూస్తావు. బ్రేకు చక్రం ఎంత తిప్పాలో వాళ్ల మణికట్టుకు తెలుసు.

సంచి చిన్నది తీసుకో, పెద్ద పెట్టెలకు అక్కడ చోటుండదు. మేట్టుపాళయంలో చెమట పడుతుంది, ఊటీలో వణుకుతావు. మీ అత్తయ్య స్వెటరు విడిగా పంపిస్తోంది, రంగు నచ్చకపోయినా వేసుకో.

నాకో పని చేసిపెట్టు. హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టడానికి ఎన్ని నిమిషాలైందో గడియారం చూసి రాసుకో. నా పాత నోటుబుక్కులో ఒక అంకె ఉంది, సరిచూడాలి.

ఇట్లు,
మీ మామయ్య