ని అనే చిన్న ముక్క గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

జూలైలో జరిగే జపనీస్ భాషా పరీక్షకు ఎన్‌4 స్థాయి కడుతున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. జపనీస్‌లో మన విభక్తిలా మాట తర్వాత వచ్చే 'ని' ఉపయోగాలు పన్నెండో పదిహేనో పట్టికగా రాసుకుని బట్టీ పడుతున్నావట. ఆ పట్టిక పక్కన పెట్టు తల్లీ. తెలుగు వచ్చినవాళ్లకి అంత శ్రమ అక్కర్లేదు.

మన 'కి, కు' ఎక్కడ పడుతుందో చూడు. ఏడింటికి లేస్తాను: షిచిజి ని ఒకిమస్. జపాన్‌కి వెళ్తాను: నిహొన్ ని ఇకిమస్. చెల్లికి ఇస్తాను: ఇమోతో ని అగెమస్. వారానికి రెండుసార్లు: షూ ని నికాయ్. సినిమా చూడడానికి వెళ్తాను: ఏగా ఒ మి ని ఇకిమస్. సగం పాఠం నీకు పుట్టుకతోనే వచ్చేసింది. 'రేపు వస్తాను' అనేటప్పుడు మనం 'కి' పెట్టం, వాళ్లూ 'అషిత' తర్వాత 'ని' పెట్టరు.

నువ్వు జాగ్రత్తపడాల్సింది మన 'లో' దగ్గర. టోక్యోలో ఉంటున్నాను, టోక్యోలో పనిచేస్తున్నాను అని మనం రెండుచోట్లా ఒకటే అంటాం. వాళ్లు మొదటిదానికి 'టోక్యో ని సుందె ఇమస్', రెండోదానికి 'టోక్యో దె హతరైతె ఇమస్' అంటారు. ఉనికి అయితే 'ని', అక్కడ ఏదైనా పని జరుగుతుంటే 'దె'. ఇంతవరకూ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. పరీక్షలో పిల్లలు తడబడేది 'అరిమస్' దగ్గర. గదిలో బల్ల ఉంది: హెయ ని త్సుకుఎ గ అరిమస్. యూనివర్సిటీలో పరీక్ష ఉంది: దైగకు దె షికెన్ గ అరిమస్. క్రియ అదే, అయినా పరీక్ష వస్తువు కాదు, జరిగే సంగతి. అందుకే 'దె'. కాలం విషయంలో మాత్రం జూలైలో అన్నా, 2010లో అన్నా మన 'లో'కి వాళ్లది 'ని'యే: షిచిగత్సు ని.

ఇంకో చిక్కు. మన 'ని' కర్మకి పడుతుంది, వాళ్ల 'ని' కాదు, అక్కడ వాళ్లది 'ఒ'. పుస్తకాన్ని చదివాను అంటే 'హొన్ ఒ యొమిమషిత'. కానీ స్నేహితుణ్ణి కలిశాను అంటే 'తొమొదచి ని ఐమషిత'. బస్సెక్కాను అంటే 'బసు ని నొరిమషిత'. ఇలాంటివాటికి సూత్రం వెతకకు. క్రియను ఒంటరిగా నేర్చుకోకుండా 'ని ఐమస్', 'ని నొరిమస్' అని జతగా నోటికి పట్టించుకో. పనిచేయడమనే 'హతరకు'కి 'దె' వస్తే, అదే ఉద్యోగాన్ని చెప్పే 'త్సుతొమెరు'కి 'ని' వస్తుంది. బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను: గింకో ని త్సుతొమెతె ఇమస్. ఈ జతలు నోట్లో ఆడకపోతే ఎంత వ్యాకరణం చదివినా మాట దగ్గర నాలుక ఆగిపోతుంది.

పుచ్చుకోవడమనే 'మొరౌ'తో వచ్చే 'ని'ని చూసి కంగారు పడకు. తొమొదచి ని మొరైమషిత అంటే స్నేహితుడికి ఇచ్చానని కాదు, స్నేహితుడి దగ్గర తీసుకున్నానని. అక్కడ 'నుంచి' అనే అర్థమున్న 'కరా' కూడా చెల్లుతుంది. ఇచ్చింది మనిషి కాక బడో కంపెనీయో అయితే 'కరా'యే వాడు. సెన్‌సే ని హొమెరరెమషిత అంటే మెచ్చుకున్నది టీచర్, మెప్పు పొందింది నువ్వు. ఈ రెండింటిలోనూ 'ని' ముందున్న మనిషే పని చేసినవాడు. చదివేటప్పుడు ఆ మనిషి కింద గీత గీసుకో.

రోజూ నీ సంగతులే ఐదు వాక్యాలు రాసి, వారానికోసారి ఫొటో తీసి పంపు. దిద్ది పంపుతాను. 'వ, గ' అనే మిగతా ముక్కల జోలికి ఇప్పుడే వెళ్లకు, ముందు 'ని, దె' కుదురుకోనీ.

ఇట్లు,
మావయ్య