మీ మొక్కులో డ్రోన్ లేదు కదమ్మా

ప్రశ్న: మాది తెనాలి. మావారు మందుల ఏజెన్సీలో పనిచేస్తారు, చేతికి 48 వేలు వస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టి నెలకు 11 వేల దాకా సంపాదిస్తాను. మాకు ఇద్దరూ మగపిల్లలే, తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. పోయిన ఏడాది చిన్నవాడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. తగ్గితే ఇద్దరికీ అయ్యప్ప మాల వేయిస్తామని మొక్కుకున్నాం. మావారికి ఇది 18వ మాల. ఈ కార్తీకంలో తండ్రీకొడుకులు ముగ్గురూ మాల వేసుకుంటారు. పడిపూజ, శబరిమల ప్రయాణం కలిపి 2.52 లక్షలు అవుతుందని లెక్క వేశాం. బ్యాంకు 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది, నెలకు పదివేల చిల్లరే కట్టాలట. అది తీసుకోమంటారా, 5 లక్షల చీటీ పాడుకోమంటారా, బంగారం పెట్టమంటారా? పిల్లల చదువుకు మంచి పథకం కూడా చెప్పండి.

జవాబు: మూడింట్లో ఏదీ వద్దమ్మా. ఇంతటితో ఆపేయవచ్చు. కానీ కార్తీకానికి ముందు, శ్రావణంలో వ్రతాలకు ముందు, మగపిల్లల పంచెల ఫంక్షన్లకు ముందు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అందరూ అడిగేది ఒకటే, ఏ అప్పు మంచిదని. అప్పు ఎందుకని ఎవరూ అడగరు. దేవుడి పని కాబట్టి లెక్క చూడకూడదని ఒక మొహమాటం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఉత్తరంలో మీరు పక్కకు నెట్టేసిన సంగతి ఒకటుంది. చిన్నవాడి ఆసుపత్రి బిల్లు 78 వేలు. కంపెనీ పాలసీ ఉంది కదా అని ధైర్యంగా వెళ్తే, అందులో మీవారి పేరు ఒక్కటే ఉందని అప్పటికప్పుడు తెలిసింది. ఉన్న 38 వేలు ఊడ్చి ఇచ్చారు, మిగిలిన 40 వేలు తెలిసినవాళ్ళ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఏడాది దాటింది, అసలు అలాగే ఉంది. నెలనెలా 1,200 వడ్డీ కడుతున్నారు. అంటే ఇప్పటికే 14,400 పైన పోయింది, అసలులో రూపాయి తగ్గలేదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. క్రెడిట్ కార్డు బాకీకి పడే వడ్డీతో సమానం.

మీరు మొక్కుకున్న ఆ రాత్రి చేతిలో డబ్బు లేదు, పిల్లల పేరు మీద బీమా లేదు. భక్తితోపాటు ఆ భయం కూడా మీ చేత మొక్కించింది. ఆ భయం తీరే ఏర్పాటు ఈ ఏడాదిలో ఏమైనా చేశారా? బ్యాంకులో 35 వేలు ఉన్నాయని రాశారు. ఇంకో జ్వరం వస్తే మళ్ళీ మూడు రూపాయల వడ్డీకే వెళ్ళాలి. పైగా ఈసారి మీ నెత్తిన 3 లక్షల లోను కూడా ఉంటుంది.

నెల లెక్క చూద్దాం. అంకెలన్నీ మీరిచ్చినవే. అద్దె 11 వేలు, సరుకులు, పాలు, కూరలు 13 వేలు, ఇద్దరి స్కూలు ఫీజు నెలకు పంచితే 9 వేలు, చీటీ డివిడెండు పోను 8,500, మీవారి ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసినది) 3 వేలు, పెట్రోలు, కరెంటు, గ్యాస్, ఫోన్లు 7 వేలు, అత్తయ్యగారి మందులు 2,500. మొత్తం 54 వేలు. వచ్చేది 59 వేలు. మిగిలే 5 వేలలో 1,200 వడ్డీకి పోగా 3,800 ఉంటుంది.

3 లక్షలు 16 శాతం వడ్డీతో మూడేళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 10,550 కట్టాలి. మిగిలేది 3,800, కట్టాల్సింది 10,550. ఆ తేడా 6,750 ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ఒక్క ప్రశ్నకు మీ ఉత్తరంలో జవాబు లేదు. మొదటి నాలుగైదు నెలలు లోనులో మిగిలిన డబ్బుతోనే కంతు కడతారు. తర్వాత క్రెడిట్ కార్డు, ఆ తర్వాత లోన్ యాప్. ఈ వరసలో దిగజారిన ఇళ్ళను చాలా చూశాను. మూడేళ్ళలో వడ్డీయే 80 వేల దాకా అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒక సాయంత్రపు పూజకు మీ పెద్దవాడు ఆరో తరగతి దాటేదాకా కంతులు కడుతూ ఉంటారు. ఇక బ్యాంకు మెసేజ్ పంపిందని మురిసిపోకండి. ప్రీ-అప్రూవ్డ్ అంటే మీ దగ్గర వసూలు చేయగలమని వాళ్ళకు నమ్మకం కుదిరిందని అర్థం. మీ ఇంట్లో మిగులుందో లేదో వాళ్ళు చూడరు.

చీటీ సంగతికొస్తే, మీ గ్రూపులో ఈ మధ్య పాట లక్షా పాతిక వేల తగ్గింపుకు పోయిందని మీరే రాశారు. 15 నెలలు కట్టి, ఇప్పుడు 3.75 లక్షలు ఎత్తి, ఇంకా 35 నెలలు కడతారా? చీటీని చివరిదాకా ఉంచుకునే ఓపిక ఉన్నవాళ్ళకే అది పొదుపు. ముందు ఎత్తితే అప్పు కిందే లెక్క.

ఇక ఖర్చుల కాగితం. పందిరి, పూల అలంకరణ 60 వేలు. భజన బృందం, సౌండు 35 వేలు. 400 మందికి భోజనాలు 80 వేలు. వచ్చిన స్వాములకు వస్త్రాలు 25 వేలు. వీడియో, డ్రోన్ 18 వేలు. ఫ్లెక్సీలు 7 వేలు. టెంపో ట్రావెలర్‌లో ముగ్గురికి 27 వేలు. మొక్కిందేమిటమ్మా? పిల్లలిద్దరికీ మాల వేయిస్తామని. ఆ మాట ఈ కాగితంలో ఎక్కడుందో చూడండి. టెంపో ఖర్చులో కొంత తప్ప మిగిలినదంతా చూడటానికి వచ్చేవాళ్ళ కోసమే. డ్రోన్ మీరు మొక్కలేదు.

అసలు ఈ దీక్షలో ఖర్చు ఎక్కడుంది? 41 రోజులు నల్లబట్టలు, చెప్పులు లేని కాళ్ళు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భిక్ష. ఆ నెలన్నర మామూలు కంటే ఇంటి ఖర్చు తగ్గాలి. మీ చిన్నవాడు ఇప్పటినుంచే బాత్రూంలో చెంబు పట్టుకుని శరణుఘోష చెబుతున్నాడని, పెద్దవాడు స్కూల్లో నల్లబట్టలకు పర్మిషన్ అడిగి వచ్చాడని రాశారు. చదివి నవ్వుకున్నాను. ఆ పిల్లలకు కావలసింది నాన్నతో పాటు ఇరుముడి కట్టించుకుని మెట్లెక్కడం. వాళ్ళకు స్టేజీ అలంకరణ గుర్తుండదు. ఆరేళ్ళవాడైతే రాత్రి తొమ్మిదికల్లా మీ ఒళ్ళో నిద్రపోతాడు కూడా.

స్వామిగారితో ఒక మాట. 18వ ఏడు పెద్ద విషయమే, కాదనను. కానీ దానికి ఆనవాయితీ కొబ్బరి మొక్కను మోసుకెళ్ళడం. బ్యాచ్‌లో అందరూ ఘనంగా చేశారు, మనం చేయకపోతే చిన్నతనం అని మీరన్నట్టు మీ ఇంటావిడ రాశారు. వాళ్ళలో ఎంతమంది ఇంకా వాయిదాలు కడుతున్నారో మీకూ తెలియదు. మీ ఊళ్ళో గుడిలో సామూహిక పడిపూజ జరిగితే మీ వంతు ఇచ్చి అందులో కూర్చోండి. మీ గురుస్వామినే అడగండి, అప్పు చేసి చేయమని ఆయన అనరనే నా నమ్మకం. ఇంట్లో ఒకరోజు పాతికమంది స్వాములకు భిక్ష పెట్టండి, వంట ఇంటివాళ్ళే చేస్తారు. ప్రయాణానికి తెనాలి మీదుగా వెళ్ళే రైల్లో స్లీపర్ టికెట్లు రిజర్వేషన్ మొదలైన రోజే తీసుకుని, చెంగన్నూరులో దిగి, పంపాకు కేరళ ఆర్టీసీ బస్సెక్కండి. దర్శనానికి వర్చువల్ క్యూలో పిల్లల పేర్లు కూడా నమోదు చేయించండి. మాలలు, బట్టలు, ఇరుముడి, రైలు, భిక్ష అన్నీ కలిపి 30 వేలు దాటదు. ఆ డబ్బు కార్తీకానికి ముందే వస్తుంది. శ్రావణం నుంచి దసరా దాకా కుట్టుపనిలో మామూలు కన్నా పాతిక వేలు అదనంగా వస్తాయన్నారు కదా, వాటిని విడిగా పెట్టండి. తగ్గే నాలుగైదు వేలు నెల మిగులులోంచి సర్దుకోవచ్చు. మొక్కు మీ కష్టార్జితంతోనే తీరుతుంది.

ఇక నేను ఎవరికైనా ముందు చెప్పేది, మీకు మరీ మరీ చెప్పేది: పిల్లలున్న ఇంట్లో చేతికందే డబ్బు ఉండాలి. మీ ఇంటికి కనీసం మూడు నెలల ఖర్చు, అంటే లక్షన్నర. తర్వాత మెల్లగా మూడు లక్షలు. "చీటీ ఉందిగా, బంగారం ఉందిగా" అంటారని తెలుసు. రాత్రి పదకొండు గంటలకు పిల్లవాడిని అడ్మిట్ చేయమంటే కౌంటర్‌లో చీటీ పాసుపుస్తకం తీసుకోరు. ఆ నెల పాట అయిపోయి ఉంటే వచ్చే నెల దాకా ఆగాలి. పాట మీకే దక్కినా జామీనుదారులను తేవాలి, వాళ్ళ జీతం కాగితాలు ఇవ్వాలి, అవి పరిశీలించి చెక్కు ఇచ్చేసరికి వారాలు పడుతుంది. బంగారమైనా బ్యాంకు తెరిచాకే. ఇద్దరు మగపిల్లలున్న ఇంట్లో సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకోవడం, గోడ దూకి గడ్డం చీల్చుకోవడం సెలవు రోజుల్లోనే జరుగుతాయి.

ఆ 35 వేలను ముట్టుకోకండి. జీతం పడని వేరే బ్యాంకులో, ఎప్పుడైనా విరగ్గొట్టుకోగల డిపాజిట్‌లో వేయండి. అదే మీ నిధికి మొదలు. ఫోన్‌లో యూపీఐకి ఆ ఖాతా కలపకండి, ఏటీఎం కార్డు ఉంటే చాలు.

నేను ఒప్పుకునే అప్పు ఒక్కటే ఉంది. చిన్న గొలుసొకటి బ్యాంకులో పెట్టి 40 వేలు తెచ్చి, ఆ మూడు రూపాయల వడ్డీ బాకీ ఈ వారమే తీర్చేయండి. ఇప్పుడు 14,400 కడుతున్న ఏడాది వడ్డీ నాలుగు వేల చుట్టుపక్కలకు దిగుతుంది. ప్రైవేటు కొట్టు వద్దు, బ్యాంకే. గొలుసు ఉంది కదా అని దాని మీద ఇంకాస్త ఎక్కువ ఇస్తామంటారు, తీసుకోకండి.

తర్వాతది ఆరోగ్య బీమా. నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్, ఈ నెలలోనే. మీ వయసులకు ఏడాదికి 20 వేల అటూఇటూగా దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు, వాయిదా వేయడానికి ఆ సాకూ పోయింది. ఈ నెలే అని ఎందుకంటున్నానంటే, కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిము రాదు. వానలు పడ్డాక, దోమలు లేచాక కొంటే ఆ సీజను సగం గడిచిపోతుంది. కంపెనీ పాలసీని నమ్ముకుని ఆగవద్దు. ఉద్యోగం పోతే అదీ పోతుంది. అయినా భార్యాపిల్లల పేర్లు చేర్చే వీలుందేమో మీవారిని ఆఫీసులో అడగమనండి. చాలా కంపెనీలు జీతంలో కొంత కోసి చేరుస్తాయి, అడిగినవాళ్ళకే.

మీవారికి కోటి రూపాయల టర్మ్ పాలసీ కావాలి. అంటే పొదుపు కలపని, మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా. ఎండోమెంట్‌లో ఉన్న 8 లక్షల కవరు మీ ఇంటికి ఏడాదిన్నర కూడా రాదు. టర్మ్ పాలసీ చేతికొచ్చాక మాత్రమే, ఆరేళ్ళు కట్టిన ఆ ఎండోమెంట్‌ను పెయిడప్ చేయించండి, అంటే ఇక ప్రీమియం కట్టకుండా, కట్టినంతకే పాలసీని ఉంచుకోండి. ముందు అది ఆపి, తర్వాత ఇది కొందాం అనుకోవద్దు. దాంతో నెలకు 3 వేలు మిగులుతుంది. మీ మిగులు 5 వేలు, ఈ 3 వేలు కలిపితే 8 వేలు. రెండు ప్రీమియంలకు నెలకు 3 వేల పైచిలుకు, గొలుసు వడ్డీకి మూడు నాలుగు వందలు పోగా నాలుగున్నర వేలు నిధికి చేరుతుంది. ఏడాదిన్నరకు 35 వేలు కాస్తా లక్ష దాటుతుంది. నెమ్మదే, కానీ ఎవరి గుమ్మం ఎక్కాల్సిన పని ఉండదు. మధ్యలో కుట్టుపని ఎక్కువగా వస్తే ఆ డబ్బుతో గొలుసు విడిపించండి.

పిల్లల చదువు పథకం ఇప్పుడు కాదు. ఈ నిధి నిండాక పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) ఒకటి, ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) చిన్న సిప్, అంటే నెలనెలా కట్టే వాయిదా, ఒకటి చాలు. మగపిల్లలకు సుకన్య లాంటిది లేదా అని అడిగారు, అది ఆడపిల్లలకే. చైల్డ్ ప్లాన్ అని ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్ళిచ్చి పంపండి.

ఏటా మాల, తిరుపతి ప్రయాణం, చవితి చందా, పుట్టినరోజులు ఉండేవే. వచ్చే జనవరి నుంచి ఈ ఖర్చులకని నెలకు 1,500 బ్యాంకులో ఏడాది ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. దానివల్ల నిధి కాస్త నెమ్మదించినా పర్వాలేదు. ఆ 1,500కు లోబడే పండగ చేసుకోండి.

బీమా ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు చిన్నవాడి డెంగీ సంగతి తప్పకుండా రాయండి. తగ్గిపోయింది కదా అని ఏజెంటు వదిలేయమన్నా వదలకండి. పూర్తిగా తగ్గిన జ్వరం రాస్తే మహా అయితే డిశ్చార్జి కాగితం అడుగుతారు. దాచిపెడితే రేపు ఇంకో క్లెయిము దగ్గర పట్టుకుంటారు. ఆ కాగితం, మీ అందరి ఆధార్ కార్డులు ఒక కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచండి.