ఎంసెట్ మళ్లీ రాయాలా, వచ్చిన సీట్లో చేరిపోవాలా?

ఈఏపీసెట్‌లో (అదే, మన పాత ఎంసెట్) అనుకున్న ర్యాంకు రాలేదు, లాంగ్‌టర్మ్‌కి, అంటే ఏడాది పాటు కోచింగ్ తీసుకుని మళ్లీ రాయడానికి వెళ్లనా అని అడిగావు తమ్ముడూ. ఫీజు కట్టే ముందు నువ్వు పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీటూ, సరైన జవాబుల కీ పక్కపక్కన పెట్టుకుని కూర్చో. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ చాప్టరో, ఎందుకు పోయిందో రాసుకో. 160లో 80 మ్యాథ్సే కాబట్టి అక్కడే మొదలుపెట్టు. లెక్క తెలిసీ టైం చాలక పోయినవే ఎక్కువుంటే, మళ్లీ రాయడం దండగ కాదు. తెలంగాణలో ర్యాంకుకి ఇంటర్ మార్కులు కలిపే వెయిటేజీ కూడా 2023లో పూర్తిగా తీసేశారు, ర్యాంకంతా ఈ పరీక్ష మీదే. కానీ సగం చాప్టర్లు అసలు ముట్టుకోనే లేదంటే, హైదరాబాద్‌లో హాస్టల్ మారినంత మాత్రాన అవి వచ్చేయవు.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కిందటేడాది చివరి ర్యాంకులు కాలేజీల వారీగా ఉంటాయి. జేఎన్‌టీయూ, ఓయూ సీటుకి నీ ర్యాంకు కాస్తలో తప్పిందా, చాలా దూరంలో ఉందా చూసుకో. నచ్చిన బ్రాంచి ఓ మోస్తరు మంచి కాలేజీలో వస్తుంటే మాత్రం చేరిపొమ్మనే అంటాను.

ఐఐటీ మనసులో ఉంటే లెక్క వేరు: జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. ఈ ఏడాదే ఇంటర్ అయితే నీకు మిగిలింది వచ్చే ఏడాదే.