ఫొటోషాప్ అద్దె ఎవరు కట్టాలి?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే ఆరు నెలలుగా ఫ్రీలాన్స్‌గా పోస్టర్లు, సోషల్ మీడియా డిజైన్లు, ఫొటో రీటచింగ్ చేస్తున్నాను. ఇప్పటిదాకా జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకొచ్చాను. వచ్చే ఏడాది ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే దిగాలని ఉంది. ఫొటోషాప్ లేకపోతే ఎవరూ ప్రొఫెషనల్‌గా చూడరని తోటివాళ్లు అంటున్నారు. క్రెడిట్ కార్డు మీద ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకుందామనుకుంటున్నాను. దీన్ని పెట్టుబడిగా లెక్కేసుకోవచ్చా?

జవాబు: లెక్కేసుకోకూడదు. 2012లో వచ్చిన సీఎస్6 అనే వెర్షన్ తర్వాత పూర్తిస్థాయి ఫొటోషాప్‌ని ఒకేసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే వీలు పోయింది. ఇకపై కొత్త వెర్షన్లు సబ్‌స్క్రిప్షన్ మీదేనని దాన్ని తయారుచేసే అడోబ్ కంపెనీ 2013లో ప్రకటించింది. కాబట్టి మీరు కట్టబోయేది అద్దె. కట్టడం ఆపిన రోజున మీ ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి, వాటిని తెరిచే పనిముట్టు మాత్రం ఉండదు. అద్దె కట్టడం తప్పని కాదు. ఎంతోమంది వ్యాపారం అద్దె కొట్లోనే చేస్తారు. కాకపోతే ఆ అద్దె అమ్మకాల్లోంచి రావాలి. మీరేమో క్రెడిట్ కార్డు అంటున్నారు.

ఇక అసలు విషయం. జింప్‌ని 1995లో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. ఇప్పటికీ ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నడిపిస్తున్నారు. దాంతో చేసిన పనికి మీరు నిశ్చింతగా డబ్బు తీసుకోవచ్చు, లైసెన్సుతో ఏ చిక్కూ లేదు. సోషల్ మీడియా డిజైన్లకు, మామూలు రీటచింగ్‌కు నా దృష్టిలో అది చాలు. కెమెరా తీసింది తీసినట్టు దాచే ‘రా’ (RAW) ఫైళ్లకు డార్క్‌టేబుల్, లోగోలకు ఇంక్‌స్కేప్ ఉన్నాయి. అవీ ఉచితమే.

చిక్కంతా రెండు చోట్ల వస్తుంది. మొదటిది ప్రింట్. జింప్‌లో ఎడిటింగ్ జరిగేది ఆర్‌జీబీలో, అంటే తెరలు వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతిలో. ప్రింట్‌లో రంగులు ఎలా వస్తాయో ప్రూఫ్ చూసుకోవచ్చు, కొన్ని ఫార్మాట్లలో సీఎంవైకేగా (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల పద్ధతి) ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. అంతేగానీ నేరుగా సీఎంవైకేలో కూర్చుని పనిచేయడం కుదరదు. క్రిటా అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కుదురుతుంది గానీ అది ప్రధానంగా బొమ్మలు వేసేవాళ్ల కోసం చేసింది. రెండోది ఫైళ్ల ఇచ్చిపుచ్చుకోవడం. ఏజెన్సీ పంపిన పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫైలు) జింప్‌లో తెరుచుకుంటుంది, లేయర్లు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు కూడా కనిపిస్తాయి. తీరా చూస్తే స్మార్ట్ ఆబ్జెక్టులు (అసలు బొమ్మ చెడకుండా తర్వాత మార్చుకునేలా ఉంచే లేయర్లు) మామూలు బొమ్మలుగా మారిపోయి ఉంటాయి. దాన్ని అలాగే తిప్పి పంపితే అవతలి డిజైనర్ తల పట్టుకుంటాడు. అలాంటి పనులే మీకు ఎక్కువగా వస్తుంటే ఇంత ఆలోచన అక్కర్లేదు, ఫొటోషాప్ తీసుకోండి.

సమయం సంగతి కూడా చూడాలి. రంగులు, వెలుగు సరిచేశాక కూడా పని మళ్లీ మొదట్నుంచి చేయకుండా మార్చుకోనిచ్చే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు ఫొటోషాప్‌లో 1996లోనే వచ్చాయి. ఫిల్టర్ వేశాక కూడా తర్వాత మార్చుకునే వీలు జింప్‌కి వచ్చింది 2025 మార్చిలో, 3.0 వెర్షన్‌తో. మీ దగ్గర పాత 2.10 ఉంటే, ఏ నిర్ణయమైనా ముందు కొత్తది వేసుకుని చూశాకే తీసుకోండి. వేసుకునేటప్పుడు అధికారిక సైట్‌కే వెళ్లండి, సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కొద్దు.

ఆ తర్వాత మీరు ఇదివరకు చేసిచ్చిన మూడు పనులు తీసుకోండి. వాటినే జింప్‌లో ఒకసారి, ఫొటోషాప్ ఉచిత ట్రయల్‌లో ఒకసారి మళ్లీ చేసి గంటలు రాసుకోండి. ఫొటోషాప్ మీద మీకింకా చెయ్యి తిరగలేదు కాబట్టి దానికి కాస్త మినహాయింపు ఇవ్వండి. ఏడాది సబ్‌స్క్రిప్షన్‌ని మీ గంట సంపాదనతో భాగించండి. ఇరవై గంటలు వచ్చిందనుకుందాం. నెలకు రెండు గంటలు మిగిలినా ఏడాదికి ఇరవై నాలుగు, అంటే గిట్టుబాటే. రెండు వందల గంటలు వస్తే మాత్రం మీకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, మంచి రేటిచ్చే క్లయింట్లు. ఈ లెక్క మిగిలిన గంటల్ని మీరు పనితో నింపగలిగితేనే నిలుస్తుంది. ఆ సమయంలో ఫోన్ చూస్తూ కూర్చుంటే మిగిలిందేమీ లేదు.

డబ్బు విషయాల్లో సలహాలిచ్చే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఖరీదైన ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నాను. రెండేళ్లలో అందులో నేను వాడింది మూడు మెనూలు. మిగతా పనంతా స్ప్రెడ్‌షీట్‌లోనే చేశాను, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను.

తీసుకోవాల్సి వస్తే షరతులు నిదానంగా చదవండి. నెలనెలా కట్టే ప్లాన్లలో కొన్ని నిజానికి ఏడాది ఒప్పందాలు. మధ్యలో ఆపితే రద్దు రుసుము పడుతుంది. ఎప్పుడైనా ఆపగలిగే నెల ప్లాన్ రేటు ఎక్కువే, అయినా మీలాంటి ఆరంభ దశకు అదే నయం. ఖర్చుగా చూపిస్తే పన్ను తగ్గుతుంది కదా అంటారు కొందరు. తగ్గేది ఖర్చులో ఒక భాగమే, మిగతాది మీ జేబులోంచే. క్రాక్ వెర్షన్ మాట మీరు ఎత్తలేదు, సంతోషం.

ఉద్యోగం మానే ముందు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. అది సమకూరాక ఇంకా డబ్బు మిగిలితే, రంగులు సరిగా చూపించే మానిటర్, బ్యాకప్‌కి ఒక హార్డ్‌డిస్క్ కొనండి. జింప్ వాడినా ఫొటోషాప్ వాడినా ఆ రెండూ కావాల్సినవే. లేయర్లున్న పీఎస్‌డీయే కావాలని ఎవరైనా అడిగితే అప్పుడు ఒక నెలకు తీసుకుని, ఆ ఖర్చు కూడా కలిపి కొటేషన్ ఇవ్వండి.