పర్యావరణ విధ్వంసాన్ని మానవ హక్కుల ఉల్లంఘన అంటే బాధితులకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

ఒరుగుతుంది. ఎవరు ఏం రుజువు చేయాలన్నదే మారిపోతుంది. కాలుష్యం మీద అర్జీలు పట్టుకుని తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా ఇళ్లకు దగ్గర్లోనే ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. రాత్రి బోరు నీళ్లు బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి పైన నూనె తెట్టు, అడుగున తుప్పు రంగు మడ్డి. ఆ నీళ్లు సీసాలో అధికారుల దగ్గరికి పట్టుకెళ్తే శాంపిల్ ఎవరు తీశారు, సీలు ఎవరు వేశారు అని మొదలుపెట్టారు. నీళ్లు పాడయ్యాయని ఒప్పుకున్నాక కూడా వదల్లేదు, ఫలానా మనిషి కిడ్నీ జబ్బు ఈ నీళ్ల వల్లే వచ్చిందని చూపించమన్నారు. అలా ఏ డాక్టరూ రాసివ్వలేడు, ఆ సంగతి అడిగేవాళ్లకీ తెలుసు.

హక్కుగా చూస్తే మాత్రం, ప్రమాదం ఉందని తెలిసి కూడా ఏం చేసిందో ప్రభుత్వమే చెప్పుకోవాలి. 2025 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు ఇటలీ కేసులో ఈ మాటే తేల్చింది. నేపుల్స్ చుట్టుపక్కల దశాబ్దాలుగా విషపు చెత్తను దొంగచాటుగా పూడ్చారు, తగలబెట్టారు. ఒక్కొక్కరి ఆరోగ్యం మీద దాని ప్రభావం ఎంతో సైన్స్ కచ్చితంగా చెప్పలేకపోయినా ప్రభుత్వం తన బాధ్యత తప్పించుకోవడానికి వీల్లేదని, జీవించే హక్కుకే భంగం కలిగిందని చెప్పి, పరిస్థితి చక్కదిద్దడానికి 2 ఏళ్లు గడువు పెట్టింది. పెరూలోని లా ఒరోయాలో లోహాలు కరిగించే కర్మాగారం వల్ల ఒంట్లో సీసం చేరినవాళ్లకు ఉచిత వైద్యం ఇవ్వాలని అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు ఆదేశించింది.

2022లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 161 ఓట్లతో శుభ్రమైన పర్యావరణాన్ని మానవ హక్కుగా గుర్తించింది, ఎదురు ఓటు ఒక్కటీ లేదు. ఆ తీర్మానం దేశాలను కట్టిపడేయదు, నిజమే, కానీ కోర్టులో వాదించేవాళ్లకు పెద్ద ఆసరా.

చాలామంది దీన్నీ 'ఎకోసైడ్'నీ, అంటే ప్రకృతిని పెద్ద ఎత్తున నాశనం చేయడాన్నీ, కలిపేస్తున్నారు. అది క్రిమినల్ నేరం, మనుషుల్ని జైలుకు పంపే సంగతి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో ప్రకృతికి జరిగే తీవ్ర నష్టం విడిగా నేరమయ్యేది యుద్ధంలోనే, దాన్ని మార్చమని 2024లో పసిఫిక్ దీవుల దేశాలు వనువాటు, ఫిజీ, సమోవా కోరాయి. ఆ మార్పు రావాలనే నా కోరిక కూడా. కాకపోతే క్రిమినల్ కేసులో మనిషి తెలిసే చేశాడని రుజువు చేయాలి, మంచానపడ్డవాళ్లు అన్నాళ్లు ఆగలేరు. ముందు వాళ్లకు అందేది హక్కుల దారే.

ఒక చిక్కుంది. ఇలాంటి తీర్పులు ప్రభుత్వం మీద వస్తాయి, ఫ్యాక్టరీ యజమాని జేబులోంచి డబ్బు రావాలంటే వేరే కేసు వేసుకోవాలి.

మీ దగ్గర ఇలాంటిది జరుగుతుంటే నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, ప్రతి ఫిర్యాదూ తేదీ వేసి రాతలో ఇవ్వండి, ముద్ర వేసిన రసీదు జాగ్రత్తగా దాచండి. ప్రభుత్వానికి ఎప్పుడు తెలిసిందో చూపించే కాగితం అదే.