పరవాడ ఫార్మాలో సేఫ్టీ ట్రైనింగ్ నా మీద పెట్టారు, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేశాను. పరవాడలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో చేరి మూడు నెలలైంది. కాంట్రాక్టు కార్మికులకు ప్రమాదకర రసాయనాల మీద శిక్షణ పెట్టించమన్నారు. ఒక ఏజెన్సీ ఆన్‌లైన్ వీడియోలు, సర్టిఫికెట్ కలిపి చవగ్గా ఇస్తానంటోంది. ఇంకొకరు ప్లాంట్‌కే వచ్చి నేర్పుతామంటున్నారు, ఖర్చెక్కువ. ఏది మేలు? ఈ పనిలో ఎదుగుదల ఉంటుందా?

జవాబు: కొటేషన్లు పక్కనపెట్టి ముందు రెండు రోజులు ప్లాంట్ తిరగండి. సాల్వెంట్ డ్రమ్ములు ఎవరు విప్పుతున్నారు, రియాక్టర్ మ్యాన్‌హోల్ దగ్గర పౌడర్ ఎవరు పోస్తున్నారు, వ్యర్థజలాలు శుద్ధి చేసే ఈటీపీ సంపులోకి ఎవరు దిగుతున్నారు, అన్నీ రాసుకోండి. ఆ కాగితం ముందుపెట్టి, వీళ్లకు ఏం నేర్పుతారని ఇద్దరినీ అడగండి. అన్ని కంపెనీల్లోనూ ఒకే పీపీటీ తిప్పేవాళ్లు అక్కడే నీళ్లు నములుతారు.

సంపు సంగతే తీసుకోండి. అందులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, గ్యాస్ పోయిందనుకుంటారు. ఒకడు పడిపోతే తోటివాడు ఊరుకోడు, దూకేస్తాడు. రెండో ప్రాణం పోయేది అలాగే. ఆ తొందరను వీడియో ఆపలేదు. గ్యాస్ మీటర్ దింపి చూడటం, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే దిగకపోవడం, పైనుంచే తాడుతో లాగడం చేతులకు అలవాటు కావాలి. గాలిని వడగట్టే క్యానిస్టర్ మాస్కు ఆక్సిజన్ లేని చోట పనికిరాదని, అక్కడ గాలి సిలిండర్‌తో ఉండే సెట్టే కావాలని చాలామందికి తెలియదు. ఒక్కొక్కరితో ఆ సెట్టు తొడిగించి చూసే ట్రైనర్‌కే డబ్బు పెట్టండి.

భాష ఇంకో చిక్కు. మీ దగ్గర ఒడియా, హిందీ వాళ్లుంటే వాళ్ల మాటల్లో చెప్పేవారు కావాలి. ఒక్కో రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే సేఫ్టీ డేటా షీట్‌లో 16 భాగాలుంటాయి, కార్మికుడు అదంతా చదవడు. ప్రథమ చికిత్స, మంటలు, ఒలికితే ఏం చేయాలి, ఏం తొడుక్కోవాలి, ఈ నాలుగూ ఒక్క పేజీలో రాసి డ్రమ్ముల దగ్గరే అంటించండి. నైట్ షిఫ్ట్ దిగి కళ్లు మూతలు పడుతున్నవాళ్లను మాత్రం క్లాసులో కూర్చోబెట్టకండి.

నెల తర్వాత రాత్రిపూట చెప్పకుండా వెళ్లి, "సైరన్ ఎవరు నొక్కాలి?" అని అడగండి. "సారును అడగాలండీ" అన్నాడంటే సర్టిఫికెట్ ఉన్నా లాభం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ రసాయనం లీకైనప్పుడు సైరన్ మోగలేదు. ఆర్‌ఆర్ వెంకటాపురం జనం నిద్రలోనే ఆ ఆవిరి పీల్చారు. 12 మంది పోయారు.

ఎదుగుదల ఉంది. అయితే మీ డిప్లొమాకు రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అదే కీలకం. లేకపోతే చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ కోర్సు చూడండి. నెబోష్ అనే బ్రిటన్ సేఫ్టీ సర్టిఫికెట్ గల్ఫ్ వెళ్లాలనుకుంటే పనికొస్తుంది, దానికి తొందర లేదు.

అన్నట్టు, మొదటి విడత శిక్షణలో సూపర్‌వైజర్లనే కూర్చోబెట్టండి. "మాస్కు తర్వాత, ముందు బ్యాచ్ కానీ" అనేది వాళ్లే.