తప్పు సినిమాదా, టీవీదా?

ఈమధ్య చూసిన సినిమాల మీద పాఠకులు రాసిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి ఇక్కడ జవాబులు. ఏ సినిమా అన్నదే కాక ఎక్కడ, దేనిమీద చూశారో కూడా రాసినవాటినే తీసుకున్నాం. సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి కాబట్టి.

*‘మాయాబజార్’ రంగుల్లో చూశాం. పిల్లలు పడీపడీ నవ్వారు. మా నాన్నగారు మాత్రం ‘ఇది మాయాబజార్ కాదు’ అని మధ్యలో లేచిపోయారు. అంత తేడా ఏముంది?*
— పాఠకురాలు, తణుకు

మా ఓటు మీ నాన్నగారికే. 1957లో ఈ సినిమా తీసేటప్పుడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ చేతిలో రంగు లేదు. మనిషిని వెనకున్న గోడ నుంచి విడదీసి చూపాలంటే వెలుగొక్కటే దిక్కు. వెనకనుంచి జుట్టు అంచున, భుజం మీద సన్నగా పడే కాంతిగీత ఆ పని చేస్తుంది. 2010లో విడుదలైన రంగుల ప్రింటులో ఆ బూడిద ఛాయల మీదే రంగులద్దారు. చీరకో రంగు, గోడకో రంగు వచ్చేశాక కన్ను వాటినే పట్టుకుంటుంది, బార్‌ట్లీ గీసిన గీతని ఎవరూ చూడరు. ‘లాహిరి లాహిరి’ దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. ఆ పాట అందమంతా నీటి మీది తెల్లటి మెరుపులోనూ, చుట్టూ ఉన్న నలుపులోనూ ఉంది. నలుపుకి ఏ రంగు పూసినా అది నలుపు కాకుండా పోతుంది.

ఇంతకంటే పెద్ద తప్పు మీ రిమోట్‌లో ఉండొచ్చు. ఆ కాలం సినిమా చట్రం వెడల్పు, ఎత్తుల లెక్కన ఇంచుమించు 4:3. మీ టీవీ 16:9. ‘ఫుల్’ అని పెడితే బొమ్మ 33 శాతం అడ్డంగా సాగుతుంది. ఎస్.వి.రంగారావుకి అసలే ఉన్న భారీకాయం చాలదన్నట్టు ఇంకా లావవుతారు, సావిత్రి ముఖం గుండ్రంగా పళ్లెంలా కనిపిస్తుంది. ‘జూమ్’ పెడితే సాగదు కానీ పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ తెగిపోతుంది. పైన కిరీటమో, కింద విస్తరో పోతుంది. పిక్చర్ సైజ్‌లో ‘4:3’ గానీ ‘ఒరిజినల్’ గానీ పెట్టి, పక్కల నల్లపట్టీలు రానివ్వండి. అవి ఉండాల్సినవే.

పిల్లలకి రంగుల్లో నచ్చిందంటే మంచిదే, కథ ఎక్కేసింది. రెండోసారికి నలుపు తెలుపు పెట్టండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడక మారే చోట మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మిగతాది ఆయనే చెబుతారు.

*ఓటీటీలో కొత్త సినిమా ఏది పెట్టినా మాటలు వినబడవు. సౌండ్ పెంచితే ఫైట్ రాగానే పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడుతున్నారు. ఇప్పటి సినిమాలే ఇంతా?*
— పాఠకుడు, కూకట్‌పల్లి

సగం వరకే. థియేటర్ కోసం శబ్దం కలిపేటప్పుడు మాటల్ని ప్రధానంగా తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్‌కి ఇస్తారు. సంగీతం, చప్పుళ్లు ఎక్కువగా పక్క స్పీకర్లకి వెళ్తాయి. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు, అవీ చాలా టీవీల్లో కిందికి చూస్తుంటాయి. 5.1 శబ్దాన్ని, అంటే ఐదు స్పీకర్లకీ ఒక బేస్ డబ్బాకీ కలిపినదాన్ని, రెండు స్పీకర్లకి కుదించేటప్పుడు మధ్య స్పీకర్ మాటల్ని మామూలుగా 3 డెసిబెల్స్ తగ్గించి రెండు వైపులా పంచుతారు. అదే స్పీకర్లో డప్పులూ, పేలుళ్లూ వచ్చి వాటి మీద కూర్చుంటాయి. పైగా మిక్సింగ్ థియేటర్లో ఒక్కో ప్రధాన స్పీకర్‌ని 85 డెసిబెల్స్ కొలతకి సరిచేసి కలుపుతారు. రాత్రిపూట ఫ్లాటులో మీరు దానికి 20 డెసిబెల్స్ తక్కువలో వింటుంటే హీరోయిన్ గుసగుస సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో కలిసిపోక ఏంచేస్తుంది?

చేయాల్సినవి ఈ వరసలో చేయండి. ముందు యాప్‌లో సినిమా నడుస్తుండగా ఆడియో మెనూ తెరిచి, తెలుగు 5.1తో పాటు స్టీరియో కూడా ఉంటే స్టీరియో ఎంచుకోండి. చాలామందికి అక్కడితోనే కుదురుకుంటుంది. తర్వాత టీవీ సౌండ్ మోడ్‌లో ‘సినిమా’, ‘వర్చువల్ సరౌండ్’ లాంటివి తీసేసి ‘క్లియర్ వాయిస్’ లేదా ‘డైలాగ్’ అనే పేరున్నది పెట్టండి. ఫైట్ల గోలకి ‘నైట్ మోడ్’ ఉంది. అది పెద్ద చప్పుళ్లని నొక్కి చిన్నవాటిని లేపుతుంది. పాటలు కాస్త చప్పబడతాయి, రాత్రి పది దాటాక పరవాలేదు.

సౌండ్‌బార్ కొనే ఆలోచన ఉంటే పెట్టె మీద 2.1 అని ఉన్నది వద్దు. దాంతో వచ్చేది దడదడలాడే బేస్ డబ్బా, మాటలకి అది చేసే సాయం తక్కువ. 3.1లో ఆ మొదటి 3 అంటే ఎడమ, కుడి, మధ్య. మీకు కావలసింది ఆ మధ్యదే.

ఇక మీ అసలు ప్రశ్న, సినిమాది తప్పా అని. వైరున్న ఇయర్‌ఫోన్లు ఫోనుకి పెట్టి అదే సీన్ వినండి. మాట స్పష్టంగా ఉంటే తప్పు టీవీది. అక్కడా పదం పదం వెతుక్కోవాల్సి వస్తే తప్పు మిక్సింగ్‌ది, మీరు ధైర్యంగా తిట్టొచ్చు. ఇటీవలి పెద్ద సినిమాల్లో నేపథ్య సంగీతం హీరో మాట మీదికి ఎక్కేయడం మా చెవికీ తగులుతూనే ఉంది.

*‘శంకరాభరణం’ కొత్త టీవీలో పెడితే సాయంత్రం వచ్చే సీరియల్ చూస్తున్నట్టు ఉంది. ప్రింటు పాడుచేశారా?*
— పాఠకుడు, రాజమండ్రి

లేదు. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. మీ టీవీ వాటి మధ్య తనకి తోచిన బొమ్మలు కల్పించి నున్నగా చేస్తోంది. క్రికెట్‌కి అది బాగుంటుంది, సినిమాకి కాదు. శాంసంగ్‌లో ‘పిక్చర్ క్లారిటీ’, ఎల్‌జీలో ‘ట్రూమోషన్’, సోనీలో ‘మోషన్‌ఫ్లో’ అని ఉంటుంది, ఆపేయండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉన్న టీవీ అయితే ఆ ఒక్కటి నొక్కితే చాలు.

ఈ సినిమాకి ఇంకో జాగ్రత్త కావాలి. 1980లో వచ్చిన ఈ సినిమాని చిత్రీకరించింది బాలు మహేంద్ర. కిటికీలోంచి వచ్చే వెలుగు, దీపం వెలుగు ఎలా ఉంటాయో అలాగే తెర మీద ఉండాలని పట్టుబట్టే మనిషి. షోరూంలో పెట్టి ఇచ్చిన ‘వివిడ్’ మోడ్‌లో ఆ సంధ్యవేళలన్నీ ట్యూబ్‌లైట్ కింద తీసినట్టు నీలంగా మారతాయి. పిక్చర్ మోడ్ ‘సినిమా’, కలర్ టెంపరేచర్ ‘వార్మ్’. షార్ప్‌నెస్ తగ్గించండి. చాలా టీవీల్లో సున్నాకి దగ్గర, సోనీలో అయితే 50. మొదటి పది నిమిషాలు పసుపుగా, మసకగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి. కన్ను అలవాటు పడ్డాక మళ్లీ వివిడ్ పెట్టి చూస్తే మీకే ఒళ్లుమండుతుంది.

*మా ఊళ్లె ‘బలగం’ ఏద్దామనుకుంటున్నం. వాడకట్టంతా చూడాలె. ప్రొజెక్టర్ ఎంతది కావాలె?*
— యువజన సంఘం సభ్యుడు, జగిత్యాల జిల్లా

ముందు అనుమతి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. టికెట్ పెట్టకపోయినా ఊరికి తెర కట్టి వేస్తే అది బహిరంగ ప్రదర్శనే. నిర్మాతలకి రాసి ఒప్పుకోలు కాగితం చేతిలో పెట్టుకోండి.

తెర 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు తీసుకుంటే 81 చదరపు అడుగులు. ప్రొజెక్టర్ 3000 ‘ఆన్సీ’ ల్యూమెన్లది కావాలి. ల్యూమెన్ అంటే వెలుగు కొలత, ఆన్సీ అంటే దాన్ని ప్రమాణం ప్రకారం కొలిచారని. ఆన్సీ అన్న మాట లేకుండా పెట్టె మీద 8000, 9000 అని రాసుంటే ఆ అంకె నమ్మకండి. 3000 కూడా రంగులు చెడిపోయే ‘బ్రైట్’ మోడ్ లెక్క, సినిమా మోడ్‌లో దాదాపు సగమే చేతికొస్తుంది. 1500ని 81తో భాగిస్తే 18 చిల్లర ఫుట్‌లాంబర్ట్‌లు, తెర మీది వెలుగుని కొలిచేది వాటితోనే. థియేటర్ ప్రమాణం 14 కాబట్టి బ్రహ్మాండం. ఇంకా పెద్దగా కనిపించాలని అదే ప్రొజెక్టర్‌తో 20 అడుగుల తెర కడితే వెలుగు ఏడు లోపుకి పడిపోతుంది. అప్పుడు రాత్రి సీన్లలో తెల్ల పంచెలు తప్ప ఇంకేం కనబడవు. పొద్దు గూకిన ముప్పావుగంట దాకా మొదలుపెట్టకండి, తెర పక్క వీధిదీపం ఆర్పించండి.

దుప్పటి కట్టొద్దు, వెలుగు అవతలికి కారిపోతుంది. ప్రింటు వేయని మెరుపులేని తెల్ల ఫ్లెక్సీ తీసుకుని, అంచున అడుగుకో కన్నం వేయించి, వెదురు చట్రానికి నాలుగువైపులా బిగించండి. పైన మాత్రమే కడితే గాలికి తెరచాపలా ఉబ్బి ముఖాలు వంకరపోతాయి. కింది అంచు నేలకి నాలుగడుగులు పైన ఉండాలి. ప్రొజెక్టర్ త్రో రేషియో (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.5 అయితే 12 అడుగుల తెరకి 18 అడుగుల దూరంలో పెట్టాలి. అంటే అది జనం మధ్యకొస్తుంది. బల్ల వేసి చుట్టూ తాడు కట్టండి.

శబ్దానికి పెళ్లి హారన్లు వద్దు. 12 అంగుళాల బాక్స్ స్పీకర్లు రెండు, తెరకి చెరోవైపు ఆరడుగుల ఎత్తున, మధ్య వరసల వైపు తిప్పి పెట్టండి. బ్లూటూత్‌తో కలపకండి, నోరు ముందు కదిలి మాట వెనకొస్తుంది. వైరే వాడండి. ప్రొజెక్టర్‌కి చిన్న యూపీఎస్ తగిలించండి. లాంపు రకమైతే కరెంటు పోగానే ఫ్యాన్ ఆగి లోపలి వేడికి లాంపు ఆయుష్షు తగ్గుతుంది.

అన్నీ బిగించాక పరీక్షకి చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట వేసి ఆఖరి వరసలో నిలబడి వినండి. ఈ సినిమా బతికేది ఆ పాట మాటల మీద. ఒక్క పదం పోయినా స్పీకర్లు సర్దండి. హీరో అప్పుల గొడవ మాకు కాస్త సాగినట్టే అనిపించింది. కానీ ఒక నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఏళ్లకేళ్లు బావ గొంతులో ఇరుక్కుపోవడం, చనిపోయినవాళ్లకి పెట్టింది పిట్ట ముట్టకపోతే ఊరు ఊరంతా ఇంటివైపు చూడటం, వీటిని దర్శకుడు వేణు ఎక్కడా వివరించకుండా వదిలేశాడు. అందుకే పనిచేశాయి. మీ ఊళ్లో వాటికి వివరణ ఎట్లాగూ అక్కర్లేదు.

*‘ఆర్ఆర్ఆర్’ నెట్‌ఫ్లిక్స్‌లో చూశాను. పెదాలకీ మాటలకీ పొంతన లేదు. ఆస్కార్ సినిమాకి ఇదా పనితనం?*
— పాఠకుడు, డాలస్

మీరు చూసింది హిందీది. 2022లో ఓటీటీకి వచ్చినప్పుడు హిందీ నెట్‌ఫ్లిక్స్‌కి, తెలుగు జీ5కి వెళ్లాయి. ఏ సినిమాకైనా అసలు భాష ఏదో పట్టుకోవాలంటే దగ్గరి షాట్లో ప, బ, మ అక్షరాల దగ్గర పెదాలు చూడండి. ఈ మూడింటికీ పెదాలు కలవాల్సిందే. కలిసినచోట ఆ అక్షరం వినబడకపోతే అది డబ్బింగే. అయినా పెదాల సంగతి చిన్నది. తెలుగులో భీమ్ మాట్లాడే తెలంగాణ యాస పోవడమే అసలు నష్టం. సుద్దాల అశోక్ తేజ రాసిన ‘కొమురం భీముడో’ పాట యాస లేకపోతే సగమే మిగులుతుంది.

*‘బాహుబలి: ది ఎపిక్’ చూశాక అవంతిక ప్రేమకథ ఏమైందని మా ఆవిడ అడిగింది. ఏం చెప్పాలి?*
— పాఠకుడు, విజయవాడ

కోసేశారని చెప్పండి. 2015, 2017 భాగాలు రెండూ కలిపితే ఐదున్నర గంటలకి కాస్త తక్కువ. 2025 అక్టోబరు 31న వచ్చిన ఎపిక్ మూడుముప్పావు గంటలు. ఆ తేడాలో అవంతికతో పాటు ‘పచ్చబొట్టేసిన’, ‘కన్నా నిదురించరా’, ‘మనోహరి’ పాటలు, యుద్ధంలో కొంత భాగం పోయాయి. మా లెక్కలో మొదటి సగం దీనివల్ల కొంత లాభపడింది, కొంత నష్టపోయింది. నడక చురుకైంది కానీ, శివుడు ఆ కొండ ఎక్కింది ఎవరికోసమో ఆ మనిషికి కథలో చోటు లేకుండా పోయింది. అమరేంద్రుడి కథ మాత్రం చెక్కుచెదరలేదు. కట్టప్ప ప్రశ్న మోసుకుని అప్పట్లో జనం దాదాపు రెండేళ్లు తిరిగారు. ఇప్పుడు జవాబు అదే పూట దొరుకుతుంది. ఎన్నడూ చూడనివాళ్లు రెండు భాగాలతోనే మొదలుపెట్టడం మేలు.

ఇంతసేపు కూర్చునే సినిమాకి సీటు చూసి కొనండి. తెర వెడల్పుకి ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్ల దూరం మంచిది. 40 అడుగుల తెరకి 50 నుంచి 60 అడుగులు. ముందు వరసలైతే మెడ నొప్పి, చివరి వరసైతే పైన బాల్కనీ చూరు అడ్డం.

*‘కేరాఫ్ కంచరపాలెం’లో నటులు పాఠం అప్పజెబుతున్నట్టున్నారు. అందరూ ఎందుకంత మెచ్చుకుంటారు?*
— పాఠకురాలు, బెంగళూరు

కొన్ని సీన్లలో మీరన్నది నిజమే. 2018లో వచ్చిన ఈ సినిమాలో చాలామంది వృత్తి నటులు కారు, విశాఖ కంచరపాలెం మనుషులే. అనుభవం లేనివాళ్లు పొడుగు డైలాగు దగ్గర తడబడతారు, మాట లేని చోట మాత్రం చాలామంది నటులకంటే నిజంగా ఉంటారు. ఈసారి మాట్లాడేవాళ్లని వదిలేసి, వింటున్నవాళ్ల ముఖాలు చూడండి. నాలుగు కథల ముడి చివర్లో విప్పుతారు కాబట్టి రెండోసారి చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఇక్కడ రాస్తే చూడనివాళ్లు మమ్మల్ని తిడతారు.

*‘యూఏ 13+’ అని వేస్తున్నారు. పదకొండేళ్ల పిల్లాణ్ని రానిస్తారా?*
— పాఠకురాలు, హన్మకొండ

రానిస్తారు. 7+, 13+, 16+ అనేవి తల్లిదండ్రులకి హెచ్చరికలు, తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. ‘ఏ’ ఉంటే మాత్రం పద్దెనిమిది నిండనివాళ్లని గేటు దగ్గరే ఆపాలి. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్ డబ్బు వెనక్కి రావడం కష్టం కాబట్టి బుక్ చేసేముందే చూసుకోండి.